ఇంటి చుట్టూ పాము, కోతి, ఎలుగుబంటి: పల్లెటూరి ఇంటికి సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లోకి పాము దూరిన ప్రతిసారీ దానికన్నా ముందు ఎలుక వచ్చింది. ఎలుకకన్నా ముందు మేము వసారాలో పోసుకున్న ధాన్యం వచ్చింది. ఈ వరస నా తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఒక పక్క కొబ్బరి, జీడి తోటలు, ఇంకో పక్క కొండ. పాము, తేలు, కోతి, ఎలుగుబంటి మాకు ఇరుగుపొరుగు లాంటివి. వాటి గురించి పెద్దవాళ్లు చెప్పిన మాటల్లో సగం బంగారం, సగం ప్రాణం మీదికి తెచ్చేవి. ఏది ఏదో విడదీసుకుని, డాక్టర్లను, అటవీ సిబ్బందిని, పాములు పట్టేవాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అడవి జంతువు మన మీద పగతో రాదు. తిండికో, నీళ్లకో, చల్లటి నీడకో వస్తుంది. అది దేనికోసం వచ్చిందో దాన్ని తీసేయడం పగటి పని. ఎదురుపడినప్పుడు అది వెళ్లడానికి దారి వదలడం రాత్రి పని. కింద రాసినవన్నీ ఈ రెండింటి కిందికే వస్తాయి.

మొదట ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి

తొలకరికి ముందు ఒక సాయంత్రం దీనికి పెట్టుకోండి. కాళ్లకు బూట్లు, చేతిలో టార్చి, ఒక కర్ర చాలు. మీరే ఎలుక అయితే ఎక్కడ దూరతారో చూసుకుంటూ నడవండి.

వీధి తలుపు కింద సందు నుంచి మొదలుపెట్టండి. చిటికెన వేలు పట్టే సందులోంచి కట్లపాము పిల్ల సులువుగా లోపలికి వస్తుంది. పాత సైకిలు టైరును కోసి, తలుపు అడుగున నేలకు రాసుకునేలా మేకులతో కొడితే ఆ సందు మూసుకుపోతుంది. మా ఇంట్లో నాలుగు తలుపులకు ఒకే టైరు సరిపోయింది. స్నానాలగది తూముకు, వంటింటి తూముకు సన్నకన్ను జాలీ బిగించండి. పెంకుటిల్లయితే కప్పుకు ఆనిన కొమ్మలు కొట్టేయండి. జామ కొమ్మ మీదుగా పాము, ఎలుక, కోతి మూడూ ఇంటి మీదికి వస్తాయి.

తరవాత కట్టెలు, పిడకలు, పాత పెంకులు, కొబ్బరి డొక్కలు. వీటిని గోడకు ఆనించి పేర్చడం మన పల్లెల్లో అందరికీ అలవాటే. వాన తగలదు, చేతికి అందుతాయి. పాముకూ అక్కడ వాన తగలదు. కనీసం పది అడుగుల దూరంలో, నాలుగు రాళ్ల మీద బల్ల వేసి నేలకు అడుగు ఎత్తున పేర్చండి. కింద ఖాళీగా కనిపిస్తుంటే ఏ జంతువూ అక్కడ కాపురం పెట్టదు.

ధాన్యం, తవుడు, కోళ్ల మేత గోనెసంచుల్లో ఉంటే ఎలుకను భోజనానికి పిలిచినట్టే. మూత ఉన్న రేకు డ్రమ్ములోకి మార్చండి. రాత్రి కుక్క తిని వదిలిన అన్నం పళ్లెం తీసేయండి. కోళ్ల గూటికి అర అంగుళం కన్ను ఉన్న ఇనప జాలీ వేయండి. పెద్దకన్ను జాలీలోంచి నాగుపాము లోపలికి వచ్చి గుడ్లు మింగుతుంది, పొట్ట ఉబ్బి బయటికి పోలేక అక్కడే చుట్ట చుట్టుకుంటుంది. తెల్లవారి గుడ్ల కోసం చేయి పెట్టేది మాత్రం మనం.

పందికొక్కుల కలుగులు కనిపిస్తే వెంటనే మట్టి పోయకండి. కాగితం ఉండ చేసి మూతిలో దూర్చి రెండు రాత్రులు చూడండి. కదలకపోతే ఖాళీ అన్నమాట, రాళ్లు, సిమెంటు వేసి పూడ్చేయండి. కదిలితే ముందు ఎలుకల బోను పెట్టండి. ఎలుకల మందు నాకు ఇష్టం లేదు. మందు తిన్న ఎలుకను మన పిల్లి తింటుంది, గుడ్లగూబ తింటుంది. ఎలుకలను ఉచితంగా పట్టిపెట్టే రెండు జీవాలను మనమే చంపుకుంటాం.

వెల్లుల్లి నీళ్లు, గంధకం, కార్బాలిక్ ఆసిడ్ చల్లితే పాములు రావని అమ్మేవాళ్లు ఊరికొకరు ఉంటారు. డబ్బు దండగ. పైగా కార్బాలిక్ ఆసిడ్ పిల్లల చర్మాన్ని కాలుస్తుంది. ఆ డబ్బుతో ఒక మంచి టార్చి కొనండి.

రాత్రిపూట మూడు అలవాట్లు

చీకట్లో చెప్పులు, టార్చి లేకుండా గడప దాటకండి. పెరట్లోకి నాలుగడుగులే కదా అనుకుంటాం, చాలా కాట్లు ఆ నాలుగడుగుల్లోనే పడతాయి. నడిచేటప్పుడు కర్రతో నేలను తడుతూ నడవండి. పాముకు గాలిలో వచ్చే మాటకన్నా నేల అదురు బాగా తెలుస్తుంది.

నేల మీద పడుకోకండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కట్లపాము రాత్రి తిరిగే పాము. నిద్రలో ఉన్నవాళ్ల పక్కలోకి వస్తుంది, మనం ఒత్తిగిలితే కరుస్తుంది. దోమలకు వాడే తెరే దాన్నీ ఆపుతుంది. ఇంత చవకైన రక్షణ నాకు ఇంకొకటి తెలియదు.

పొద్దున్నే బూట్లు, చెప్పులు తొడుక్కునే ముందు దులపండి. గడ్డివాములోకి, కట్టెల మోపు కిందికి చేయి పెట్టేముందు కర్రతో కదపండి.

పాము కనిపిస్తే

రెండేళ్ల కిందట జూలైలో ఒక రాత్రి కరెంటు పోయింది. మా అమ్మ స్నానాలగది గుమ్మం దగ్గర నల్ల రిబ్బను పడి ఉందనుకుని తీయడానికి వంగింది. నేను వెనకనుంచి టార్చి వేశాను. రిబ్బను మీద సన్నటి తెల్ల గీతలు, రెండేసి జంటగా, తోక వైపు స్పష్టంగా, తల వైపు వచ్చేసరికి మాసిపోయి ఉన్నాయి. ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. అమ్మ చేయి మూరెడు దూరంలో ఆగింది. అది పారిపోలేదు, పడగ ఎత్తలేదు, బుస కొట్టలేదు. తల చుట్టల కింద దాచుకుని అలాగే ఉండిపోయింది. కట్లపాము గొడవ పడే పాము కాదు. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

ఆ రాత్రి మేము చేసినవీ, చేయవలసి ఉండీ మరిచిపోయినవీ కలిపి, వరసగా ఇవి:

1. కదలకుండా ఆగండి. ఆ తరవాత పాము మీంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. మీకూ దానికీ మధ్య రెండు బారల దూరం ఉండాలి.
2. పిల్లలను, కుక్కను, పిల్లిని బయటికి పంపండి. కుక్క మొరుగుతూ మీదికి వెళితే పాము ఎటు పోతుందో చెప్పలేం.
3. ఒక్కరు మాత్రం దూరం నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. పాము ఉన్నప్పటికన్నా పాము ఎక్కడికి పోయిందో తెలియనప్పుడే ఎక్కువ ప్రమాదం.
4. లోపలి గదుల తలుపులు మూసి, కింది సందుల్లో గోనెసంచి చుట్టి కుక్కండి. బయటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంచండి. చాలాసార్లు అది తన దారిన తానే పోతుంది.
5. పోకపోతే పాములు పట్టేవారికో, అటవీ శాఖ సెక్షన్ కార్యాలయానికో ఫోను చేయండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉండేవారికి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. మీ మండలంలో ఎవరు వస్తారో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. మేము ఆ రాత్రి నంబరు కోసం అరగంట వెతికాం.

కర్ర తీసుకుని కొట్టబోయేవాళ్లకు ఒక మాట. పామును చంపడానికో, పట్టడానికో వెళ్లినప్పుడు కాటు పడే ప్రమాదం పెరుగుతుంది. చచ్చిన పాము తల కూడా కొంతసేపటి వరకు కరవగలదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పామును చంపడం నేరం.

మన ఇళ్ల దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు. పడగ విప్పే నాగుపాము అందరికీ తెలుసు. కట్లపామును పైన చూశారు. దాన్నే పోలి ఉండే విషం లేని పాము ఇంకొకటి ఉంది, దాని గీతలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. ఈ తేడా తెలిసినా చేత్తో పట్టడానికి ధైర్యం చేయకండి. మూడోది రక్తపింజరి: లావుపాటి ఒళ్లు, వీపు మీద గొలుసులా మూడు వరసల గోధుమరంగు మచ్చలు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్ద బుస. దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేతుల్లోకి తీసుకున్నవాళ్లు ఉన్నారు. నాలుగోది చిన్నపింజరి: మూరెడు, మూరెడున్నర పొడవు. చుట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. ఎండిన మెట్ట నేలల్లో, రాళ్ల కింద ఉంటుంది.

మనం ఎక్కువగా చూసేదీ, ఎక్కువగా చంపేదీ మాత్రం జెర్రిపోతు. దానికి విషం లేదు. ఆవు పొదుగు నుంచి పాలు తాగుతుందన్నది ఒట్టి మాట, ఏ పామూ పాలు తాగి బతకదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తి, పాముకు మాత్రం ఇల్లు తడుస్తుంది. పొలంలో జెర్రిపోతు ఉంటే ఎలుకల బోను ఖర్చు మిగులుతుంది, వదిలేయండి.

పాము కరిస్తే: మొదటి అరగంట

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. తెలుగు నేల మీద ఈ మరణాలు ఎక్కువే. వాటిలో చాలా వరకు ఆస్పత్రికి చేరడంలో ఆలస్యం వల్ల జరిగినవి. కాబట్టి ఇంట్లో చేసే ప్రతి పనికీ ఒకటే పరీక్ష: అది మనల్ని ఆస్పత్రికి త్వరగా చేరుస్తుందా, ఆలస్యం చేస్తుందా?

కరిచిన వ్యక్తిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి. నడవనివ్వకండి, పరుగెత్తనివ్వకండి. 108కి ఫోను చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే ఆటో, మోటారు సైకిలు ఏది దొరికితే అది ఎక్కించండి. మోటారు సైకిలయితే మధ్యలో కూర్చోబెట్టి వెనక ఇంకొకరు పట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు, మొలతాడు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవే కట్లుగా బిగుస్తాయి. కరిచిన కాలికో చేతికో ఒక బద్ద పెట్టి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు వదులుగా గుడ్డ చుట్టండి. కదలకుండా ఉండాలి, రక్తం ఆగకూడదు. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తుపెట్టుకోండి. వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన టైము రాస్తే డాక్టరుకు చాలా ఉపయోగం.

తాడుతో బిగించి కట్టకండి. బ్లేడుతో కోయకండి. నోటితో పీల్చకండి. పసరు, పసుపు, మంచుగడ్డ, సారా ఏదీ వద్దు. బిగించి కట్టిన తాడు వల్ల ప్రాణం దక్కి కాలు పోయినవాళ్లు ఉన్నారు. పామును చంపి సంచిలో వేసుకుని వెళ్లనవసరం లేదు. దూరం నుంచి ఫోనులో ఫొటో దొరికితే సరే, లేకపోతే లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకూ ఒకటే. దాని తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వెళుతుంది. పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. మన ప్రాణం వాళ్ల చేతి నేర్పు మీద ఆధారపడి ఉంది.

మంత్రంతో విషం దిగిందని మీ ఊళ్లోనూ చెప్పేవాళ్లు ఉంటారు. అబద్ధం చెబుతున్నారని కాదు. కరిచే పాముల్లో చాలా వాటికి విషం ఉండదు, విషం ఉన్నవి కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండా కరుస్తాయి. అలాంటివాళ్లు ఏమీ చేయకపోయినా బతుకుతారు, పేరు మంత్రానికి వస్తుంది. మిగిలినవాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు.

కట్లపాము కాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అని లేస్తాడు. గొంతు పట్టేసిందంటాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టించి పడుకోబెడితే కొన్ని గంటల్లో ఊపిరి అందదు. వానాకాలం నేల మీద పడుకున్నవాళ్లకు ఇలా జరిగితే పాముకాటు అనే అనుకుని, ఊపిరి అందించే యంత్రం (వెంటిలేటర్) ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్లండి. దారిలో వాంతి అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆస్పత్రిలో గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తారు. రక్తపింజరి విషాన్ని ఆ చిన్న పరీక్షే పట్టిస్తుంది. కట్లపాము, నాగుపాము విషం అందులో తేలదు, వాటికి రెప్పలూ ఊపిరీ చూడాలి. అందుకే పరీక్ష బాగుందన్నా, లక్షణాలు లేకపోయినా, ఒక పగలూ రాత్రీ అక్కడే ఉండండి.

తేలు

నల్లతేలు కుడితే మంట, నొప్పి, సాధారణంగా దానితో సరి. చిన్నగా, ఎర్రగా ఉండే తేలు వేరు. కుట్టిన చోట నొప్పితో పాటు ఒళ్లంతా చెమట, చేతులు కాళ్లు చల్లబడటం, వాంతులు మొదలైతే అది గుండె మీద పని చేస్తోందని అర్థం. పిల్లలకు మరీ ప్రమాదం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే మాత్ర ఎర్రతేలు కాటుకు పనిచేస్తుందని చూపించాక ఎంతో మంది బతికారు. డాక్టరు చూసి ఇవ్వవలసిన మందు, ఇంట్లో వేసుకునేది కాదు. అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న టార్చి ఒకటి కొంటే తేళ్లు చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తూ కనబడతాయి. మొదటిసారి మా పెరటి గోడ మీద వేసి చూశాక వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు.

కోతులు

కోతి కరిచినవాళ్లకన్నా కోతిని చూసి మేడ మీంచి దూకినవాళ్లకే మా ఊళ్లో ఎక్కువ దెబ్బలు తగిలాయి. కాబట్టి మొదటి సూత్రం: మేడ అంచున ఉన్నప్పుడు వెనక్కి తగ్గకండి. మెట్లవైపు, గోడవైపు జరగండి.

ఎదురుపడితే కళ్లలోకి చూడకండి, పళ్లు కనబడేలా నవ్వకండి. కోతికి ఆ రెండూ బెదిరింపులే. పరుగెత్తకుండా పక్కకు తిరిగి నెమ్మదిగా నడవండి. చేతిలో సంచి పట్టుకుని లాగుతుంటే వదిలేయండి. అరటిపండ్ల కోసం వేలు పోగొట్టుకోవడం ఎందుకు? చేతిలో కర్ర ఉంటే నేల మీద గట్టిగా కొట్టండి, కోతిని మాత్రం కొట్టకండి. ఒకదాన్ని కొడితే మంద మొత్తం మీదికి వస్తుంది. పిల్ల కోతి దగ్గరికి అసలే పోకండి.

ఇంటిని కాపాడుకోవాలంటే వంటింటి కిటికీలకు జాలీ, నీళ్ల ట్యాంకుకు బిగుతు మూత, చెత్తకు మూత ఉన్న డబ్బా ఉండాలి. ఇవన్నీ చేసి పక్కింటివాళ్లు శనివారం హనుమంతుడి పేరున కోతులకు అరటిపండ్లు పెడితే మన జాలీ ఏమీ చేయలేదు. ఇది వీధి మొత్తం కూర్చుని తేల్చుకోవలసిన విషయం. మా వీధిలో రెండు పంచాయితీలు అయ్యాయి, ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం కూడా మానేశాం. చివరికి పండ్లు ఊరి బయట గుడి దగ్గర మాత్రమే పెట్టాలని ఒప్పందానికి వచ్చాం. కోతుల బెడద సగానికి తగ్గింది. కొండముచ్చును తెచ్చి కట్టేసి కోతులను తరిమించడం చాలాచోట్ల చేస్తారు, అది చట్టవిరుద్ధం. కొన్నాళ్లకు కోతులు దానికీ అలవాటుపడతాయి.

కోతి కరిచినా, గీరినా గాయాన్ని పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. కారం, సున్నం అద్దకండి. అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి, చెప్పిన అన్ని తేదీలకూ వెళ్లండి. గాయం మానిందని రెండు సూదులతో ఆపేసేవాళ్లే ఎక్కువ. రేబిస్ లక్షణాలు కనిపించాక వైద్యం లేదు.

ఎలుగుబంటి

ఇది మా ప్రాంతం సంగతి, కాస్త వివరంగా చెప్పనివ్వండి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు తోటల్లో మనిషిని చంపి, మరికొందరిని గాయపరిచింది. ఆ వారం ఉద్దానంలో పొద్దున ఆరింటికి ముందు ఎవరూ తోట ముఖం చూడలేదు.

ఎలుగుకు చూపు తక్కువ, వాసన బాగా తెలుస్తుంది. చెదపుట్టలు తవ్వుతూ తల దించుకుని ఉంటుంది, మనం వచ్చినట్టు దగ్గరకు వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి భయపడి మీద పడుతుంది. అందుకే అది తిరిగే చోట నిశ్శబ్దంగా నడవడమే పెద్ద తప్పు. జీడిపండ్లు రాలే మార్చి నుంచి మే దాకా, ఆ వెనకే పనసపండ్ల కాలంలో, తెల్లవారుజామున, పొద్దుగూకాక తోటకు ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మా తోటలో జీడిగింజలు ఏరే ఆడవాళ్లు పని పొడవునా కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. పని పాడవుతోందని విసుక్కునే ఆసామికి అది ఎంత మంచి కాపలానో తెలియదు.

ఇంటి దగ్గర పండిన పనసకాయలను చెట్టునే ఉంచకండి. రాలినవాటిని ఆ రోజే ఎత్తేయండి. బెల్లం, నూనె, కొబ్బరి వాసన వచ్చే గది తలుపు రాత్రి మూసి గడియ పెట్టండి. ఇంటి చుట్టుపక్కల చెదపుట్టలు తవ్వి ఉన్నాయేమో చూడండి. చేతి వేళ్లతో కెలికినట్టు లోతైన గుంట, పక్కన మట్టి చిమ్మి ఉంటే ఎలుగు వచ్చిందని గుర్తు.

దూరంలో కనిపిస్తే చప్పుడు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. దగ్గరలో ఉంటే దానికి ముఖం చూపిస్తూ, మెల్లగా, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయండి. పరుగెత్తవద్దు, మనకన్నా వేగంగా పరుగెత్తుతుంది. చెట్టెక్కవద్దు, మనకన్నా బాగా ఎక్కుతుంది. వీపు మీద పిల్లలు ఉన్న తల్లి కనబడితే మరీ దూరంగా పోవాలి. మీద పడిందంటే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక అల్లి, ముఖం నేలకు ఆనించండి. ఎలుగు ముఖాన్ని, తలను పట్టుకుంటుంది. అది పక్కకు పోయేదాకా లేవకండి. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది కన్నో, దవడో పోగొట్టుకున్నారు, అందుకే ముఖాన్ని దాచుకోవడం గురించి ఇంతగా చెబుతున్నాను.

అడవిపంది

ఇంటికన్నా పంటకు శత్రువు. పిల్లలున్న ఆడపంది, గాయపడ్డ మగపంది తప్ప సాధారణంగా మనిషిని చూసి పారిపోతుంది. మీదికి వస్తే అరుగో, గట్టో, చెట్టు కొమ్మో, ఏదైనా ఎత్తు ఎక్కండి. పంది పైకి రాలేదు.

పొలానికి కరెంటు తీగలు మాత్రం పెట్టకండి. పందికి పెట్టిన తీగకు పక్క పొలం రైతో, తెల్లవారి నీళ్లు కట్టడానికి వెళ్లిన సొంత కొడుకో బలైన వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. అది నేరం కూడా. సోలారు కంచె వేరు. అది ఆగి ఆగి చిన్న తాకిడి ఇస్తుంది, చంపదు. వేరుశనగ చుట్టూ నాలుగు వరుసలు ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కుసుమ ముళ్లకు పంది వెనకాడుతుంది, ఆముదం వాసన కంకి వాసనను కప్పుతుంది. పైగా ఆ గింజలకు డబ్బు వస్తుంది.

ఏనుగు, చిరుత

ఏనుగుల ఊళ్లలో ఉండేవారికి నేను కొత్తగా చెప్పేది తక్కువ. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి చుట్టూ, ఇటు పార్వతీపురం మన్యంలో జనం ఏళ్లుగా వాటితో వేగుతున్నారు. 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీలు, అంటే శిక్షణ పొందిన ఏనుగులు, ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, అడవి ఏనుగులను వెనక్కి మళ్లించడానికి. నా భయం ఏనుగును ఎప్పుడూ చూడని ఊళ్ల గురించి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతులను చంపింది. అక్కడివాళ్లకు ఏనుగు అంటే గుళ్లో, పుస్తకంలో చూసినదే.

ఏనుగు వచ్చిందని తెలిస్తే చూడటానికి వెళ్లకండి. సెల్ఫీ అసలే వద్దు. గుంపుకన్నా ఒంటరి మగ ఏనుగు ప్రమాదం. ఇంట్లో బియ్యం, ఉప్పు, బెల్లం, ఇప్పసారా ఉంటే వాసనకు గోడ కూల్చి మరీ తీసుకుంటుంది. రాత్రి ఇంటి మీదికి వస్తే అది ఉన్న వైపు కాకుండా వెనక తలుపు గుండా, అరవకుండా బయటపడండి. తరమడం అటవీ సిబ్బంది పని. టపాసులతో రెచ్చగొట్టిన ఏనుగు పక్క ఊరి మీద పడుతుంది.

చిరుత మన ఊళ్లకు వచ్చేది కుక్కల కోసం, మేకల కోసం. మేకల దొడ్డికి గోడ ఎంత ఎత్తున్నా పైన కప్పు లేకపోతే అది దొడ్డి కాదు, తొట్టి. పైన జాలీ వేయండి. పిల్లలను పొద్దుగూకాక ఒంటరిగా బయటికి పంపకండి. ఎదురుపడితే వంగకండి, కూర్చోకండి, పరుగెత్తకండి. పిల్లలను ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ వెనక్కి జరగండి. చిరుత ఇంట్లో దూరితే బయట గడియ పెట్టి దూరంగా వెళ్లండి. ఊరంతా పోగై చుట్టుముడితే అది దారి లేక మనుషుల మీదికి వస్తుంది. బావిలో పడితే నిచ్చెనో, తాళ్లతో మంచమో దించి జనం తప్పుకుంటే తానే ఎక్కిపోతుంది, ఆ పని అటవీ సిబ్బంది చేతుల మీదుగానే జరగాలి.

చెరకు తోటలో, పొలంలో చిరుత పిల్లలు దొరికితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చేయండి. రాత్రికి తల్లి వచ్చి తీసుకుపోతుంది. చిరుత పిల్లలని అందరూ ఫొటోలు తీసుకునేవి చాలాసార్లు అడవిపిల్లి కూనలే. ఏవైనా సరే, వాటి తల్లి దగ్గరలోనే ఉంటుంది.

పరిహారం అడగాలంటే

పశువు చనిపోయినా, పంట పాడైనా, మనిషికి గాయమైనా ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. రాకపోవడానికి ఎక్కువగా కారణం రుజువులు చెరిగిపోవడం. చనిపోయిన మేకను కదపకండి, పాతిపెట్టకండి. ఫొటోలు తీసి, అదే రోజు అటవీ బీట్ అధికారికి ఫోను చేయండి. పశువుల డాక్టరు పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. పంటకైతే వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది వచ్చి చూసేదాకా తొక్కిన చేను దున్నకండి. మనిషికైతే ఆస్పత్రి కాగితాల్లో గాయం ఏ జంతువు వల్ల అయిందో డాక్టరుతో రాయించండి. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి.

మెత్తటి మట్టిలో పాదముద్ర కనబడితే దాని పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీయండి, కొలత తెలుస్తుంది. తరవాత ఆ ముద్ర మీద ఒక తట్ట బోర్లించి, పైన రాయి పెట్టండి. లేకపోతే బీట్ అధికారి వచ్చేలోగా ఊళ్లో ఉన్న చెప్పులన్నీ దాని మీదుగా నడుస్తాయి.